చుక్క కనపడిన చోట చిల్లు ఉండదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో పాత తెరచాప పడవల మరమ్మతు మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెరచాప కుట్ల గురించి, తాళ్ళ గురించి రాసినవాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా చివర్లో వచ్చిన ఒక్క వాక్యంతోనే. పడవలోకి నీళ్ళు ఎక్కడ కారుతుంటే అక్కడ తుడిచి సిలికాన్ పూస్తే సరిపోతుందని రాశారు. నేను పడవ కొన్న మొదటి ఏడాది ఒక మెకానిక్ కూడా అచ్చం ఇదే చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఏడాదిపాటు ఏం చేశానో, తర్వాత దాన్ని సరిచేయడానికి ఎన్ని పాట్లు పడ్డానో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవుగా ఉంటుంది, కత్తిరించాల్సి వస్తే నా సొంత గోడు కత్తిరించండి, పని గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను 31 ఏళ్ళు బ్యాంకుల్లో ఆడిట్ పని చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మా అన్నయ్య కొడుకుతో కలిసి 23 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవ కొన్నాను. పడవకి అప్పటికే 40 ఏళ్ళు దాటాయి. ఒకటే తెరచాప కొయ్య, లోపల ఇద్దరు పడుకునే చోటు, చిన్న సింకు, వెనక తగిలించే చిన్న ఇంజను. అమ్మినాయన "అప్పుడప్పుడు కొంచెం చెమ్మ వస్తుందంతే" అన్నాడు. ఆడిటర్‌ని అయ్యుండి ఆ "కొంచెం" అనే మాటని ప్రశ్నించకుండా వదిలేశాను చూడండి, అక్కడే నా మొదటి తప్పు.

మొదటి వానకే ఎడమవైపు కిటికీ కింద పరుపు తడిసింది. కిటికీ అంచు నుంచి నీళ్ళు జారుతున్నట్టు కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కిటికీ చుట్టూ సిలికాన్ పూశాం. మళ్ళీ వానకి మళ్ళీ తడిసింది. ఇంకొంచెం మందంగా పూశాం. అలా ఏడాదిలో మూడు ట్యూబులు అయిపోయాయి, కిటికీ చూడబోతే ఐసింగ్ పెట్టిన కేకులా తయారైంది, పరుపు మాత్రం తడుస్తూనే ఉంది. చివరికి తేలిందేమిటంటే కిటికీకి ఏ పాపం తెలీదు. దానికి నాలుగడుగుల ముందు, డెక్కు (పడవ పైతలం) అంచున రెయిలింగ్ స్తంభం నిలబెట్టిన పీట ఉంది. దాని బోల్టు పక్కనుంచి దిగిన వాన నీళ్ళు డెక్కుకీ లోపలి అలంకరణ పలకకీ మధ్య సందులో పాకుతూ వచ్చి, ఏటవాలు ఆగిన చోట, అంటే కిటికీ దగ్గర బయటపడుతున్నాయి. పుండు ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు మేము ఏడాదంతా కిటికీకి వైద్యం చేశాం.

రెండో ఏడాది సిలికాన్ ట్యూబు పక్కన పడేసి నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. లెక్క రాయడం. పడవ అడుగున నీళ్ళు చేరే గుంటని స్పాంజితో పొడిగా తుడిచేసి, ఒక నోటుబుక్కు పెట్టాం. తేదీ, వాన పడిందా, పడవ బయటికి తీశామా, గాలికి ఎటువైపు వంగి నడిచింది, మంచినీళ్ళ ట్యాంకు నింపామా, అర లీటరు మగ్గుతో ఎన్ని మగ్గులు తోడాం, ఆఖరి గడిలో రుచి. అవును, రుచే. సముద్రంలో తిరిగే పడవకి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. చిటికెన వేలు ముంచి నాలుకకి రాసుకోవడమే. మొదటిసారి నేను ఆ పని చేసినప్పుడు మా మేనల్లుడు "అత్తా, నీకు మతి పోయిందా" అన్నాడు. ఉప్పగా ఉంటే నీళ్ళు సముద్రం నుంచి వచ్చినట్టు, చప్పగా ఉంటే వాన నుంచో, ట్యాంకు నుంచో వచ్చినట్టు. డెక్కు మీద ఎండిన ఉప్పుని వాన కడిగి లోపలికి తెస్తే కొంచెం ఉప్పదనం వస్తుంది కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. పెట్రోలు వాసనో, టాయిలెట్ వాసనో వస్తుంటే మాత్రం నాలుక జోలికి పోకండి.

రెండు నెలలు రాసేసరికి నోటుబుక్కే మాట్లాడటం మొదలుపెట్టింది. వాన పడ్డ మర్నాడు చప్పటి నీళ్ళు, ఒకటో రెండో మగ్గులు. కట్టేసి ఉంచిన రోజుల్లో, వాన లేకపోతే, సున్నా. ఆ సున్నా చూసి ఎంత ఊరటో! నీటిమట్టం కింద ఎక్కడైనా చిల్లు ఉంటే పడవ కదలకపోయినా నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఇక మిగిలింది ఉప్పనీళ్ళు. అవి పడవ కుడివైపు వంగి నడిచిన రోజుల్లో మాత్రమే వచ్చాయి, మూడేసి మగ్గులు. ఎడమవైపు వంగి ఎంతసేపు తిరిగినా చుక్క లేదు. అంటే మామూలుగా నీటికి పైన ఉండి, పడవ వంగినప్పుడు మాత్రం మునిగేది ఏదో కుడివైపున ఉంది. సింకు నీళ్ళు బయటికి పోయే గొట్టం అటే ఉంది. కింద దూరి, మేనల్లుడి షేవింగు అద్దం గొట్టం వెనక పెట్టి టార్చి వేస్తే దొరికింది. క్లాంపు బిగించిన చోట, అడుగువైపు, గోరంత పగులు. పైనుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. గొట్టం మార్చి, ఒక క్లాంపు ఉన్న చోట రెండు వేశాం. ఉప్పనీళ్ళ లెక్క ఆ పూటతో ముగిసింది.

ఆ గొట్టం దగ్గరే ఇంకో సంగతి బయటపడింది. నీటిమట్టం కింద పడవకి ఉన్న ఇంకో రంధ్రానికి పాత యజమాని ఎవరో ఇంట్లో వాడే మామూలు ఇత్తడి కవాటం బిగించారు. ఇత్తడిలో జింకు ఉంటుంది. ఉప్పునీళ్ళలో ఆ జింకు కాలక్రమంలో కరిగిపోయి, మిగిలిన రాగి స్పాంజిలా పెళుసవుతుంది. కత్తి మొనతో గీకితే పసుపు రంగు బదులు గులాబీ రంగు కనపడింది. ఇక్కడ పడవల కోసమే చేసిన కంచుదో, అలాంటి మరో నమ్మకమైన లోహానిదో కవాటం ఉండాలి. భయపెట్టడానికి కాదు గానీ లెక్క చెబుతాను: నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళంన్నర రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి 100 లీటర్ల పైనే లోపలికి వస్తాయి. చేతిపంపుతో తోడేవాడు దాని ముందు ఎంతసేపు నిలబడతాడు? కవాటం మార్చాం. రంధ్రానికి సరిపడా మెత్తటి చెక్క బిరడా ఒకటి చెక్కించి, దాని పక్కనే తాడుతో కట్టి ఉంచాం. వెతుక్కునే టైముండదు అప్పుడు.

ఇక చప్పటి నీళ్ళు. వీటితో పడవ మునగదు. అందుకే అందరం తేలిగ్గా తీసుకుంటాం. నా అనుభవంలో పాత పడవల్ని చంపేది ఈ చప్పటి నీళ్ళే. ఎందుకో చెప్పాలంటే డెక్కు కథ చెప్పాలి. చాలా ఫైబర్‌గ్లాస్ పడవల డెక్కు ఒకే ముద్ద కాదు. పైన ఒక పలచటి ఫైబర్ పొర, కింద ఒకటి, మధ్యలో బాల్సా అనే తేలికైన చెక్కో, ప్లైవుడ్డో. తక్కువ బరువుతో ఎక్కువ గట్టిదనం రావడానికి అలా చేస్తారు. పొడిగా ఉన్నంతకాలం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ రెయిలింగ్ కోసం, తాళ్ళు కట్టే కొక్కేల కోసం, కప్పీల కోసం ఆ డెక్కుకి పదుల కొద్దీ బెజ్జాలు వేస్తారు. ఒక్కో బెజ్జంలో మధ్య చెక్క పచ్చిగా బయటపడి ఉంటుంది. నీళ్ళు దిగకుండా బెజ్జం చుట్టూ పెట్టే ముద్ద, అంటే సీలెంట్, ఎండిపోయిన రోజు నుంచి నీళ్ళు ముందు ఆ చెక్కలోకే పోతాయి. చెక్క తాగగలిగినంత తాగాక మీ పరుపు మీద చుక్క పడుతుంది. అంటే చుక్క కనపడేసరికే ఆలస్యమైందన్నమాట.

చిల్లు కనిపెట్టడానికి మేము చేసినవి చెబుతాను. లోపలి పలకలు విప్పగలిగినన్ని విప్పి, కనపడిన ప్రతి బోల్టు కింద టాయిలెట్ పేపరు ముక్క టేపుతో అంటించాం. నీళ్ళు పాకే దారి తెలియడానికి గోడల వెంట పిల్లల పౌడరు పలచగా చల్లాం. తడిస్తే పౌడరు మీద చార పడుతుంది, ఆ చారని పైకి వెతుక్కుంటూ పోవచ్చు. తర్వాత గొట్టంతో నీళ్ళు పెట్టాం. ఇందులో కిటుకు ఏమిటంటే ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు దిగుతూ అన్నింటినీ తడిపేస్తాయి, దొంగ ఎవరో తెలీదు. ధార మెల్లగా, వాన పడ్డట్టు పెట్టాలి. ప్రెషర్ వాషర్‌తో కొడితే మామూలుగా కారని చోట కూడా కారుతుంది. ఒక్కో చోట పది నిమిషాలు. నేను పైన గొట్టం పట్టుకున్నాను, మేనల్లుడు లోపల టార్చితో వెల్లకిలా పడుకున్నాడు.

రెయిలింగ్ ఆరో స్తంభం దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి డెక్కు మీద దబదబా బాదాడు. దిగి వెళ్ళి నేనూ వాడి పక్కన ఇరుక్కుని పడుకున్నాను. తుప్పు పట్టిన నట్టు కింద, బోల్టు మరల చివర, ఒక చుక్క ఊరుతోంది. మొదట టీ రంగులో చిన్న మెరుపు. మెల్లగా లావైంది, కాసేపు వేలాడింది, కింద పడలేదు, పక్కకి వంగి డెక్కు అడుగున అంటుకుని కిటికీ వైపు నడిచి వెళ్ళిపోయింది. ఏడాదిగా నన్ను ఏడిపించిన చుక్క అది! ఆ టీ రంగు మాత్రం నాకు నచ్చలేదు. శుభ్రమైన వాన నీటికి రంగెందుకు వస్తుంది? కుళ్ళిన చెక్కలోంచి వస్తే వస్తుంది.

ఇంకో పద్ధతి మేనల్లుడు ఎక్కడో విని వచ్చాడు. వ్యాక్యూమ్ క్లీనర్‌ని గాలి బయటికి ఊదేలా తిప్పి, తలుపు స్థానంలో అట్టపెట్టె ముక్క టేపుతో బిగించి, దాని బెజ్జంలోంచి లోపలికి గాలి పంపడం. గాలి పోయే మిగతా దారులన్నీ మూసేసి, డెక్కు మీద సబ్బునీళ్ళు చిలకరిస్తే చిల్లున్న చోటల్లా బుడగలు లేస్తాయి. గాలి మరీ గట్టిగా పెట్టకూడదు, కిటికీ ఊడిపోగలదు. లోపల పెట్రోలు ఆవిరో, గ్యాసో లేదని రూఢి చేసుకోకుండా మోటారు అసలు ఆన్ చెయ్యకూడదు. మాకు ఎనిమిది చోట్ల బుడగలు లేచాయి. వాటిలో రెండు మేము కలలో కూడా అనుకోనివి. తెరచాప కొయ్య దీపాల వైర్లు డెక్కులోంచి దిగే చోటు ఒకటి, ముందు లంగరు పెట్టే గూటి అడుగు ఒకటి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఎనిమిదీ తలో కొంచెం నీళ్ళు పోస్తున్నాయి.

మరమ్మతు సంగతికొస్తే, అన్నీ రాయను, ఆ ఆరో స్తంభం ఒక్కటే చెబుతాను, మిగతావీ అంతే. ముందు ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ తట్టి చూశాం. గట్టి చోట 'టక్' మని మోగుతుంది, కుళ్ళిన చోట 'డబ్' మంటుంది. అదృష్టం కొద్దీ 'డబ్' మన్న మేర రెండు అరచేతులంతే. పీట విప్పి బెజ్జంలో స్క్రూడ్రైవర్ పెడితే తడి అట్టముక్కలా నల్లటి ముద్ద వచ్చింది. ఒక మేకుని వంకీగా వంచి డ్రిల్లుకి బిగించి తిప్పితే పై పొరకీ కింది పొరకీ దెబ్బ తగలకుండా మధ్యలో చెడిన చెక్కంతా పొడిపొడిగా రాలింది. కుళ్ళు మరీ ఎక్కువుంటే ఇలా కాదు, పై పొర కోసి చెక్క మొత్తం మార్చాల్సిందే. మాకు ఆ అవసరం పడలేదు. తర్వాత రెండు వారాలు ఏమీ చెయ్యకుండా ఆరబెట్టాం. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరికీ ఓపిక చచ్చిపోతుంది, నాకూ చచ్చింది. ఆరాక కింద టేపు అంటించి, ముందు పలచటి ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) చెక్కకి పట్టించి, ఆ తర్వాత పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపేశాం. అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి కొత్తగా బెజ్జం వేశాం. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ, చెక్క కాదు. రేపు సీలెంట్ మళ్ళీ చెడినా నీళ్ళు పరుపు మీద పడతాయి గానీ చెక్కలోకి పోవు.

బెజ్జం పైఅంచుని గరాటు నోరులా కొంచెం వెడల్పు చేశాం. అందులో బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరులాంటి సీలెంట్) ముద్ద కూర్చుంటుంది, బోల్టు మెడకి ఉంగరంలా పట్టుకుంటుంది. బిగించేటప్పుడు బోల్టుని కదలనివ్వకూడదు, కింద నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగితే ఆ ఉంగరం తెగిపోతుంది. ఒకేసారి బలమంతా పెట్టి బిగించడమూ తప్పే, ముద్దంతా బయటికి వచ్చేస్తుంది. మేము మూడు రోజులపాటు రోజూ కొంచెం కొంచెం బిగించాం. కింద చిన్న వాషర్లు తీసేసి వెడల్పాటి పలక వేశాం. ఎవరైనా స్తంభాన్ని పట్టుకుని ఎక్కినప్పుడు పీట కదలడం వల్లే కదా సీలెంట్ చెదిరింది.

మీ వ్యాసం మెచ్చుకున్న సిలికాన్ గురించి ఇప్పుడు. సిలికాన్ చెడ్డదని అనను, దానికి తగిన చోట్లు దానికున్నాయి. కానీ ఒకసారి పూశాక అది కంటికి కనపడని జిడ్డు పొర వదులుతుంది, దాని మీద రంగు నిలవదు, ఎపాక్సీ అంటదు, ఇంకో సీలెంట్ పట్టదు. నా మూడు ట్యూబుల జిడ్డుని గీకి, సానబట్టి వదిలించడానికి నాలుగు రోజులు పట్టింది. పాలీయూరిథేన్ రకం సీలెంట్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీటిమట్టం కింద అమర్చే వాటికి బాగుంటాయి, కానీ మళ్ళీ విప్పాల్సిన చోట వాడితే పీటతో పాటు డెక్కు రంగు పొర కూడా లేచొస్తుంది. పాలీసల్ఫైడ్ చెక్కకీ లోహానికీ మంచిది, అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) కిటికీలకి వాడితే వాటిని పాడుచేస్తుంది. కిటికీల్లో ఇంకో చిక్కుంది. మీటరు పొడవు అక్రిలిక్ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న ఫైబర్‌గ్లాస్ అంత సాగదు. అందుకే అక్కడ సీలెంట్ మందంగా, సాగే రకంగా ఉండాలి. గట్టిగా నొక్కి పలచన చేశారంటే ఎండకే ఊడుతుంది.

చెక్క పడవల వాళ్ళకి ఇవన్నీ ఇలాగే వర్తించవు, మీ వ్యాసం రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. ఒడ్డున ఎండిన పడవని నీళ్ళలో దించితే మొదటి రోజుల్లో కారుతుంది, పలకలు నాని ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ కంగారులో పొడి పలకల సందుల్లో దూది గట్టిగా దట్టించారంటే, పలకలు ఉబ్బినప్పుడు చోటు లేక పడవ లోపలి పక్కటెముకల్లాంటి కొయ్యలే విరగొచ్చు.

అసలు నన్ను ఈ ఉత్తరం రాయించింది ఎనిమిదో చిల్లు. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగలు డెక్కులోంచి దిగి లోపల స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలకి బిగుస్తాయి, చైన్‌ప్లేట్లు అంటారు. కుడివైపు పట్టీ దగ్గర వానకి రెండే చుక్కలు వచ్చేవి. నోటుబుక్కులో దాన్ని అన్నిటికన్నా కింద రాశాను. పట్టీ మీద సన్నటి తుప్పు చార ఉంటే, స్టెయిన్‌లెస్ కదా, పైపై మరక అనుకున్నాను. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టకుండా కాపాడేది గాలిలోని ఆక్సిజన్. గాలి ఆడని తడి సందులో దానికి ఆ రక్షణ ఉండదు. పట్టీ పూర్తిగా బయటికి లాగితే, సరిగ్గా డెక్కు మందంలో దాక్కునే ఆ అంగుళం మేర, సగం వెడల్పు దాకా వెంట్రుకలాంటి పగులు ఉంది. పైనా కిందా అద్దంలా మెరుస్తోంది. మేనల్లుడు దాన్ని వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి వంచాడు, పుటుక్కున రెండు ముక్కలైంది. ముందటి వారమే ఆ పట్టీని నమ్ముకుని గట్టి గాలిలో నాలుగు గంటలు తిరిగొచ్చాం. అక్కడ పైనుంచి సిలికాన్ పూసి ఉంటే చుక్కలు ఆగిపోయేవి, పట్టీ విప్పే పని ఉండేది కాదు. మాకు ఏమీ తెలిసేది కాదు.

కాబట్టి నా మనవి ఒక్కటే. వచ్చే సంచికలో ఆ వాక్యానికి చిన్న సవరణ వెయ్యండి. పూయడానికి ముందు విప్పి చూడమని రాస్తే చాలు.

మా పడవ పూర్తిగా పొడిబారిందని అనుకునేరు. నెలకి ఇంకా అర మగ్గు చప్పటి నీళ్ళు వస్తున్నాయి. వాన లేని నెలల్లో కూడా వస్తున్నాయి. రాత్రి చలికి లోపలి గోడల మీద పట్టే చెమ్మే అది అని మా మేనల్లుడి వాదన. కావచ్చు. నేను మాత్రం ఆ వరుస కింద ఇంకా గీత గీయలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు